వరుసలో రెండోవాడు

ఓబులేసు బడిలో ఎన్నడూ బెత్తం దెబ్బ తినలేదు. మంచి పిల్లవాడని కాదు. వరుసలో ఎక్కడ నిలబడాలో అతనికి తెలుసు.

ఆలస్యంగా వచ్చినవాళ్లను అయ్యవారు గోడ పక్కన వరుసగా నిలబెట్టేవాడు. మొదటివాడికి ఒకటి వడ్డించి లోపలికి తోలేవాడు. వాడు పోగానే వెనకవాళ్లంతా ఒక అడుగు ముందుకు జరిగేవాళ్లు. అయ్యవారు అది చూసుకోకుండా వరుస వెంట తనూ ఒక అడుగు వేసేవాడు. రెండోవాడు ఖాళీ అయిన మొదటి చోటికి చేరి బతికిపోయేవాడు. దెబ్బ మూడోవాడికి పడేది. తర్వాత నాలుగోవాడు బతికేవాడు. పని ముగిసిందనుకుని అయ్యవారు బెత్తం చంకన పెట్టుకునేసరికి సగం మంది అరచేతులు చెక్కుచెదరకుండా ఉండేవి. ఆ కిటుకు అయ్యవారికి అయిదేళ్లయినా అంతుపట్టలేదు. ఓబులేసు అయిదేళ్లూ రెండోవాడుగానే నిలబడ్డాడు.

నలభై తొమ్మిదో ఏట అతను అయ్యవారి తప్పే తనూ చేశాడు, కన్నకూతురి తల మీద.

అనంతపురం దాటాక గాలిమరల కొండ ఒకటుంది. ఒకప్పుడు గాలిమరల కంపెనీవాళ్ల అతిథి గృహంగా ఉన్న మేడలో డాక్టర్ నస్రీన్ పరిశోధనశాల పెట్టింది. కిటికీకి ఎదురుగానే గాలిమర. పగలంతా దాని రెక్కల నీడలు గోడను నరుక్కుంటూ పోతుంటాయి. మొదటి నెలలో పనివాళ్లు ఇద్దరు తల తిరుగుతోందని మానేశారు. ఓబులేసు మానలేదు. భార్య గంగరత్న పోయినప్పటి నుంచి కదలని గోడను చూస్తూ కూర్చోవడం అతనివల్ల కావడం లేదు.

నస్రీన్ కనిపెట్టినది పైకి పెద్ద వింతగా ఏమీ ఉండదు. మనిషి తలకు వలలాంటి టోపీ తొడిగి, ఒక రోజు గురించి అడుగుతారు. ఆ రోజు జ్ఞాపకాలు ఒక్కొక్కటే తెర మీద పెట్టెలుగా లేస్తాయి, వెబ్ పేజీలో వార్తలూ బొమ్మలూ వాటి వాటి పెట్టెల్లో కూర్చున్నట్టే. ఆ పెట్టెలన్నీ ఉన్న పేజీని పుట అంటారు. ఒక్కో పెట్టెకు చీటీలు అంటి ఉంటాయి. భయం, ఆకలి, నవ్వు, అమ్మ, అట్లా. భయం పట్టి నిలిపిన జ్ఞాపకానికి ఆ భయం చీటీ పీకేస్తే అది ఇక నిలవదు. ఎండకు తడి ఆరినట్టు ఆరిపోతుంది.

పీకే పని స్క్రిప్టుది. స్క్రిప్టు రాసేది ఓబులేసు. ఇరవై ఏళ్లు కంపెనీల వెబ్ పేజీలకు అదే పని చేశాడు. ఫలానా చీటీ ఉన్న పెట్టెలన్నీ ఏరి లిస్టు చేయమంటాడు. ఆ లిస్టులో మొదటిదాని నుంచి చివరిదాకా ఒక్కొక్కటే తాకుతూ పొమ్మంటాడు. తన రాతను ఇంకొకడు సరిచూడటం అతనికి గిట్టదు. ఇంకొకడి తప్పు కంటబడితే వదిలిపెట్టడమూ తెలియదు.

కూతురి వైద్యానికి ముందు రోజు మధ్యాహ్నం నస్రీన్ అతని బల్ల దగ్గరకు వచ్చింది.

"ఓబులేసన్నా, మీరు లిస్టుకు నకలు తీసి పెట్టుకున్నారు. నకలు అంటే గోడకు అంటించిన ఓటర్ల జాబితా. మనిషి పోయినా పేరు అట్లే ఉంటుంది, కొత్తగా పుట్టినోడి పేరు చేరదు. మనం పీకుతుంటే పాపకు ఇంకేదో గుర్తొస్తే అది నకల్లోకి యాడ వస్తుంది?"

"రాదు."

"నాకు బతికుండే లిస్టు కావాల. పుటలో ఏది మారినా లిస్టూ మారాల. భయం వచ్చినది చేరాల, భయం పోయినది జారిపోవాల."

"అట్ల ఏరే పద్ధతీ ఉండాది డాక్టరమ్మా. ఒక్క మాట మారిస్తే చాలు."

"మార్చినాక నేనొకసారి చూస్తా."

"చూసేదానికేముంది? పుర్రె మీరు చూసుకోండి, లిస్టు నేను చూసుకుంటా."

ఒక్క మాట మార్చాడు. దాని కింద ఒకటీ రెండూ మూడూ అని ముందుకు పోయే లెక్కను ముట్టుకోలేదు. నకలుకు ఆ లెక్క సరిపోతుంది. బతికిన లిస్టులో మొదటిది జారగానే వెనకవి ముందుకు జరుగుతాయి. అయ్యవారు మాత్రం తన అడుగు తాను వేస్తాడు.

ఓబులేసుకు ఆ సంగతి తట్టలేదు. కూతురి కోసం తొందరలో ఉన్నాడు.

కూతురి పేరు చౌడేశ్వరి. ఇంట్లో ఈశ్వరి. ఇరవై ఏళ్ల పిల్ల పద్నాలుగు నెలలుగా మంచం కిందే సగం బతుకు బతుకుతోంది. స్కూటరు చప్పుడు వింటే వణుకుతుంది. వీధిలో పోయే బండికైతే వణికి ఊరుకుంటుంది. ఇంటి ముందు ఆగే బండికి మాత్రం మంచం కింద దూరి, పళ్లు బిగబట్టి, ఎంత పిలిచినా రాదు. గ్యాసు బండ తెచ్చేవాడు కూడా ఇప్పుడు వీధి చివర బండి ఆపి నడిచివస్తున్నాడు. ఓబులేసు సంగటి కెలికి, చెనిక్కాయ పచ్చడి నూరి, పళ్లెం మంచం కిందికే జరిపేవాడు.

"బయటికి రామ్మా. స్కూటరు పోయింది."

"ఎవురొచ్చిండ్రి?"

"ఎవురూ రాలేదు. కరెంటు బిల్లు వాడు."

"నిజంగానా నాయనా?"

ఆ ప్రశ్న రోజూ వినేవాడు. పిల్లది తన మాట నమ్మదని నొచ్చుకునేవాడు తప్ప, అట్లా ఎందుకు అడుగుతోందని ఒక్కనాడూ అడగలేదు.

పద్నాలుగు నెలల కిందటి ఆ పొద్దున గంగరత్న స్కూటరు నడిపింది. ఈశ్వరి వెనక కూర్చుంది. ఘాటు దిగే మలుపులో తిప్పేస్వామి చెనిక్కాయ మూటల ట్రాక్టరు నిలిపి, దిగి బీడీ ముట్టించుకుంటున్నాడు. స్కూటరు నేరుగా ట్రాలీ కిందికి పోయింది. ఈశ్వరికి చెయ్యి విరిగింది. గంగరత్న ఆసుపత్రికి చేరేలోపే పోయింది. చావు పన్నెండో రోజు తిప్పేస్వామి వచ్చి కాళ్ల మీద పడితే ఓబులేసు తలుపేశాడు. స్కూటరులో లోపమేమైనా ఉందా అని పోలీసులు అడిగితే, లేదని, బ్రేకులు బాగానే ఉన్నాయని సంతకం పెట్టి ఇచ్చాడు. తిప్పేస్వామి జైలుకెళ్లి ఎనిమిది నెలలైంది. ఓబులేసు దృష్టిలో అది తక్కువే.

ఆ రోజుకు సంబంధించి ఈశ్వరి పుటలో భయం చీటీ ఉన్న పెట్టెలు నలభై ఆరు లేచాయి. అన్నీ బోర్లించి ఉన్నాయి. మనిషి జ్ఞాపకాన్ని అవసరం లేనిదే తెరిచి చదవకూడదని నస్రీన్ నియమం. చదవమన్నా ఓబులేసు చదివేవాడు కాదు. వైద్యానికి ముందు ఆమె మొత్తం పుటకు ఒక నకలు తీసి పక్కన పెట్టింది. కాగితం మీద ఈశ్వరి సంతకం పెట్టింది. ఏముందో అడగలేదు. నాయన పెట్టమన్నాడు, పెట్టింది.

స్క్రిప్టు నడిచింది. అనుకున్న సమయంలో సగానికే ఆగి, అయిపోయిందని చెప్పింది.

"ఇంత తొందరగానా?" అంది నస్రీన్.

"బాగా రాస్తే తొందరగానే అవుతుంది" అన్నాడు ఓబులేసు.

ఈశ్వరి అప్పటికే లేచి కూర్చుని మంచినీళ్లడిగింది. ఆ సంబరంలో మిగిలినవెన్నో ఎవరూ లెక్కపెట్టలేదు.

మూడు రోజులు బాగానే గడిచాయి. ఈశ్వరి కొట్టుకు పోయి కరివేపాకు తెచ్చింది. ఇంటి ముందు పాలవాడి బండి ఆగితే గిన్నె పట్టుకుని తనే పోయింది. ఓబులేసు గుమ్మంలో నిలబడి చూశాడు. పద్నాలుగు నెలల తర్వాత ఆ రాత్రి తెల్లవార్లూ నిద్రపోయాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఈశ్వరి పళ్లెం ముందు కూర్చుని అతని చేతుల వంక చూస్తూ ఉండిపోయింది.

"తినమ్మా."

"నాయనా, అమ్మను ఏమిటికి తోసినావు?"

ఓబులేసు చేతిలో గరిటె ఆగింది.

"నేనేడ తోసినా? స్కూటరు మీద పోతిరి గదా మీరు."

"ఆ దినం స్కూటరు యాడిది?"

"ఊరంతటికీ తెలుసు. అడుగు పో."

"నువ్వు చెప్పిందే ఊరు చెప్తాంది." ఆమె గొంతు పెరగలేదు. "నాకు కనపడేది చెప్తా విను. నువ్వు తాళంచెవి నేలకేసి కొట్టినావు. అమ్మ వీపు నా మొగానికి అడ్డం ఉండాది. నన్ను వెనకేసుకునింది. అమ్మ గట్టిగా అరిసింది. తర్వాత నేల మీద గాజు ముక్కలు. తర్వాత నీ చేతులు, మోచేతుల దాకా రక్తం. మధ్యలో ఇంకేమీ లేదు నాయనా. ఎంత వెతికినా లేదు."

పళ్లెం జరిపి లేచి, గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. మంచం కింద దూరిన చప్పుడు వినపడలేదు. ఈసారి ఆమె దేనికీ బెదరలేదు. తండ్రి ముఖం చూడలేక తలుపు వేసుకుంది.

ఓబులేసు కొండకు పరుగెత్తాడు. బస్సు కోసం ఆగలేక నాలుగు మైళ్లూ నడిచేశాడు. ఈశ్వరి అన్నదంతా చెప్పాడు. నస్రీన్ పుట తెరిచింది. ఆరిపోయి బూడిదరంగుకు తిరిగినవి ఇరవై మూడు. భయం చీటీతో వెలుగుతున్నవి ఇరవై మూడు. ఒకటి ఆరింది, ఒకటి వెలుగుతోంది, ఒకటి ఆరింది. చివరిదాకా అంతే.

స్క్రిప్టు తెరిచి చూడవలసిన పని కూడా లేకపోయింది. బడి గోడ, వరుస, బెత్తం కళ్ల ముందు నిలిచాయి.

"రెండోది, నాలుగోది, ఆరోది" అన్నాడు. "తప్పించుకున్నాయి."

నస్రీన్ తిట్టలేదు. తిడితే బాగుండేది.

"మెదడు సందులు ఓర్చుకోదన్నా. మధ్యలోది పోతే అటూ ఇటూ ఉండేవాటిని తెచ్చి అతికిస్తుంది. స్కూటరు మీద వెనక కూర్చున్న పిల్ల మొగానికి అమ్మ వీపు తగలదా? స్కూటరు పోయింటుంది, వీపు మిగిలింటుంది. ఆసుపత్రిలో మీరు వాళ్లమ్మను ఎత్తుకున్నది పోయింటుంది, మీ చేతుల రక్తం మిగిలింటుంది."

"ఇప్పుడెట్ల?"

"రెండు దారులు. వెనక నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే ఒక్కటీ తప్పించుకోదు. మిగిలిన ఇరవై మూడూ పోతాయి. ఆ దినమే ఉండదు పాపకు, మీ మీద అనుమానమూ ఉండదు. లేదంటే నకలు పెట్టుకుని, పోయినవి ఒక్కొక్కటే యాడివి ఆడ పెట్టేయొచ్చు. భయమంతా తిరిగొస్తుంది. ఏదైనా ఏడు దినాల లోపలే. ఆ తర్వాత అతుకు గట్టిపడిపోతుంది."

అప్పటికి నాలుగు రోజులు అయిపోయాయి.

"నకలు తెరవాల్సి వస్తుంది" అంది ఆమె. "ఏది ఆరిందో చదవకుండా ఏమీ చెప్పలేను."

మొదటి పెట్టె తిప్పింది. పెట్టె నుదుటన ఈశ్వరి మాటల్లోనే రాసి ఉంది. నస్రీన్ పైకి చదివింది.

"వంటింట్లో అమ్మ చెయ్యి తుడుచుకుంటా, బ్రేకు పట్టడం లేదు, వారం నుంచి చెప్తాండా అనింది. నాయన, నడిపేది చేతగాక బ్రేకు మీద వేస్తాండావు అన్నాడు."

గోడ మీద రెక్క నీడ పోయింది. ఇంకొకటి వచ్చింది.

నస్రీన్ తలెత్తలేదు. "దీనికి రెండు చీటీలున్నాయి. ఒకటి భయం. ఇంకోటి నాయన."

స్క్రిప్టు మొట్టమొదట ఆర్పింది దాన్నే. ఆ పొద్దున ఆ మాట విన్నది ముగ్గురే. ఒకరు పోయారు. ఒకరి తలలోంచి తనే తీసేశాడు. ఓబులేసు కుర్చీ లాక్కున్నాడు. నస్రీన్ కిటికీ దగ్గరకు పోయి నిలబడింది. అతను లెక్కను తిప్పి రాశాడు. చివరినుంచి మొదటికి. ఒక్క వరుస, నిమిషం పట్టలేదు. ఇక మీట నొక్కితే చాలు. ఈశ్వరి రేపు మళ్లీ కరివేపాకు తెస్తుంది. తండ్రి వడ్డించింది తింటుంది. ఈ డాక్టరమ్మ కాక బ్రేకు మాట తెలిసిన మనిషి ఈ భూమ్మీద తను ఒక్కడే మిగులుతాడు. ఆమె బయట చెప్పదు, అది ఆమె నియమం.

లేచాడు. గది చుట్టూ తిరిగాడు. మళ్లీ కూర్చున్నాడు. మళ్లీ లేచాడు.

"కూతురు నిమ్మళంగా ఉండాలనుకునేది తప్పా డాక్టరమ్మా?"

"ఎవురి నిమ్మళమో పాపను అడగండి."

"తెలియనిదాన్ని గురించి అడిగితే ఏం చెప్తాది?"

"అందుకే ముందు చెప్పాల" అంది నస్రీన్.

ఈశ్వరి గడియ తీయలేదు. ఓబులేసు గది బయట కిటికీ కింద అరుగు మీద కూర్చున్నాడు. పొద్దు ఇంకా ఉంది. వీధిలో ఎవరో చెనిక్కాయలు ఎండబోశారు. కోడి ఒకటి వాటిని కెలుకుతుంటే అదిలించాలని చెయ్యెత్తి, మళ్లీ దించేశాడు.

"ఈశ్వరీ, అమ్మను నేను తోయలేదు. తోయలేదని చెప్పేదానికి రాలేదు. నీ తలలోంచి నేను పీకేసింది ఒకటుండాది. అది చెప్పేదానికి వచ్చినా."

లోపల మంచం కిర్రుమంది.

"ఆ పొద్దున మీ అమ్మ బ్రేకు పట్టడంలేదనింది. వారం నుంచి చెప్తానే ఉండాది. నడిపేది నీకు చేతకాదంటి. ఆ యమ్మ ఏమో అనింది, నాకు కోపమొచ్చి తాళంచెవి నేలకేసి కొడితి. మీరు తీసుకుని పోతిరి. మలుపులో బ్రేకు పట్టలేదు. పట్టింటే ఆగేది."

కిటికీ రెక్క తెరుచుకుంది.

"ఇది నిజంగా నా పెట్టెలో ఉన్నెదా? నువ్వు కల్పించిందా?"

"ఉన్నెదే. మొదటిది."

"తిప్పేస్వామి తప్పేమి అయితే?"

"మలుపులో బండి నిలిపినాడు. అదీ తప్పే. కానీ బ్రేకులు బాగుండాయని పోలీసులకు రాసిచ్చింది నేను."

"వానికి ఇద్దరు పిల్లోళ్లు."

"ఊ."

"నాకు తిరిగి పెట్టేదానికవుతుందా?"

"అవుతుంది. పెడితే భయమూ వస్తుంది. మళ్లా మంచం కిందికి పోతావు. లేదంటే మొత్తం పీకేస్తా, ఏదీ ఉండదు. డాక్టరమ్మ నిన్నే అడగమనింది. నేను మొదటే అడగాల్సింది. అడగలేదు."

గడియ తీసిన చప్పుడైంది. ఈశ్వరి చెప్పులేసుకుని బయటికి వచ్చింది. అతని వంక చూడకుండానే ముందు నడిచింది.

"రా. పెట్టు."

కొండ మీదికి పోయేసరికి సాయంత్రపు ఎండకు రెక్కల నీడలు గది నిండా పొడవుగా సాగాయి. ఓబులేసు ఈసారి నకలు మీదనే స్క్రిప్టు రాశాడు. కదలని లిస్టు. రాసి, తెరను నస్రీన్ వైపు తిప్పాడు.

"ఒకసారి చూడండి డాక్టరమ్మా."

ఆమె ప్రతి వరుసా వేలితో తాకుతూ చదివింది. రెండుసార్లు చదివింది. తలూపింది.

"ఒక్కొక్కటే పెట్టు" అంది ఈశ్వరి, వల కింద నుంచి. "అన్నీ ఒక్కసారి వద్దు. ప్రతి దానికీ నన్నడుగు."

మొదటిది పెట్టాడు. బూడిదరంగు పెట్టెకు రంగు వచ్చింది. ఈశ్వరి కళ్లు మూసుకుంది. పెదవులు ముందు వణికాయి, తర్వాత భుజాలు. మంచం కింద ఉన్నప్పటి వణుకే. ఓబులేసు ఆపబోయాడు. నస్రీన్ అతని చెయ్యి పట్టుకుంది.

"అమ్మ చెప్పింది" అంది ఈశ్వరి. "వంటింట్లో. చెయ్యి తుడుచుకుంటా."

"చెప్పింది."

"నాయనా, నేను దాక్కునింది స్కూటరుకు కాదు."

ఓబులేసుకు అర్థం కాలేదు.

"పోలీసాయన రాసుకునేదానికి స్కూటరు మీద వచ్చినాడు. మన ఇంటి ముందే ఆపినాడు. బ్రేకులు బాగుండాయని నువ్వు చెప్తాంటే లోపల వింటి. నన్ను పిలిస్తే నోరు జారి నిజం చెప్పేస్తానేమో, నిన్ను పట్టుకపోతారేమో అని మంచం కిందికి పోతి. ఆ దినం నుంచి ఇంటి ముందు ఎవురు బండి ఆపినా నీ కోసమే వచ్చినారనుకుంటి."

గది అంతా నీడలు తిరుగుతున్నాయి. పద్నాలుగు నెలల పాటు పళ్లెం మంచం కిందికి జరిపిన తన చెయ్యి ఓబులేసుకు కనపడింది. ఎవరొచ్చారని రోజూ అడిగిన గొంతు వినపడింది. ఆ భయాన్ని పీకడానికే అతను స్క్రిప్టు రాశాడు. దానికి మందు అతని నోట్లోనే ఉంది.

"రేపు స్టేషనుకు పోతా" అన్నాడు. "రాసిచ్చింది తప్పని చెప్తా."

"నేనూ వస్తా."

క్షమించానని ఆమె అనలేదు. అతనూ అడగలేదు. ఒకరిని క్షమించడం తెలిస్తే కదా, తనను క్షమించమని అడగడం తెలిసేది.

"తర్వాతది పెట్టనా?" అన్నాడు.

"పెట్టు. నువ్వు యాడికీ పోవద్దు. నా ఎదురుగానే నిలబడు. ప్రతి దానికీ నువ్వు జవాబు చెప్పాల."

ఇంకా ఇరవై రెండు ఉన్నాయి. ఓబులేసు కుర్చీ పక్కకు తోసి, ఆమెకు ఎదురుగా మొదటి చోట నిలబడ్డాడు. అక్కణ్ణుంచి జరగలేదు.